‘ఒంటేలు’ అని రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది

నిన్న సాయంత్రం హార్డ్ బైండింగ్ చేయించిన థీసిస్ కాపీలు నాలుగు సెక్షన్‌లో ఇచ్చేసి, స్టాంపు వేసిన రసీదు ఫొటో తీసి అమ్మకు పంపాను. రాత్రి పది గంటలు నిద్రపోయాను. కోపం చల్లారకముందే రాసేద్దామని పొద్దున్నే కూర్చున్నా.

నాది ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ, మూడేళ్ల కోర్సు. ఊరు పరకాల దగ్గర, రూము హన్మకొండ సుబేదారిలో. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వచ్చేవాళ్లలో దొరికే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఈఎస్‌బీఎల్ ఎంతమేర ఉందో చూడటం నా థీసిస్. అంటే సెఫోటాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు ఆ బ్యాక్టీరియా తయారుచేస్తోందా లేదా అని. టాపిక్ గైడ్ మేడమే ఇచ్చారు, ఐదు నిమిషాల్లో తేలిపోయింది. శాంపిల్ సైజ్ (ఎన్ని శాంపిళ్లు కావాలో లెక్క) అంటే సీనియర్లు దయ్యం లాగా చెప్తారు గానీ, సగం మందిలో ఉంటుంది, 10 శాతం అటూ ఇటూ అయినా పర్లేదు అనుకొని ఫార్ములాలో 50ని 50తో గుణించి, దాన్ని 4తో గుణించి, 10 స్క్వేర్‌తో భాగిస్తే 100 వచ్చింది. అంతే.

అసలు కథ ఎథిక్స్ కమిటీ, అంటే పేషెంట్ల మీద స్టడీ మొదలుపెట్టే ముందు అనుమతి ఇచ్చేవాళ్లు.

పేషెంటుకు తెలుగులో ఇచ్చే సమాచార పత్రం, కన్సెంట్ ఫారం మన అప్లికేషన్‌తో పాటు పెట్టాలి. అందరూ చేసేదే నేనూ చేశాను. ఒక సీనియర్ అక్క దగ్గర వర్డ్ ఫైలు తీసుకొని పేరు, టాపిక్ మార్చాను, కొత్త వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసి ఫోన్‌లో తెలుగు చేసి అతికించాను. చదివానా అంటే చదవలేదు. తెలుగే కదా, అందులో చదివేదేముంది అనుకున్నా. పదో తరగతి తెలుగు మీడియం, తెలుగులో స్కూల్ ఫస్టు నేనే.

కమిటీలో డాక్టర్లు మాత్రమే ఉండరు. న్యాయం తెలిసినవాళ్లు ఒకరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. మా కమిటీలో ఆ మామూలు మనిషి ఒక రిటైర్డ్ తెలుగు పండిట్. నా ఖర్మ. బ్యాక్టీరియాను పెంచే మీడియా గురించి, మందు అద్దిన డిస్కుల గురించి అడుగుతారని రాత్రంతా బట్టీ పట్టి వెళ్తే, అవేవీ ఎవరూ అడగలేదు. ఆ సార్ అద్దాలు సర్దుకొని, “అమ్మా, ఈ తెలుగు కాగితం ఒకసారి పైకి చదువు” అన్నారు.

చదివాను. “మీ మధ్యస్రావ మూత్ర నమూనా సేకరించబడును” దగ్గర నాకే నాలుక తిరగలేదు. “సూక్ష్మజీవ నిరోధక గ్రాహ్యత” దగ్గర ఆగిపోయాను. అంటే ఏంటమ్మా అన్నారు. ఏ మందు పనిచేస్తుందో చూడటం సార్ అన్నాను. మరి ఆ ముక్కే రాయొచ్చు కదా అన్నారు. తర్వాతి లైను చదువుతుంటేనే నా గొంతు నాకు వినపడటం మానేసింది: “మీ గర్భస్థ శిశువుకు ఎటువంటి హాని జరగదు. మీ రక్తం 5 మి.లీ. తీసుకొనబడును.” సీనియర్ అక్క థీసిస్ గర్భిణుల మీద. నా స్టడీలో మగవాళ్లూ ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. “ఒంటేలు పరీక్షకు రక్తం ఎందుకమ్మా, అదీ మగవాళ్ల కడుపులో పిల్ల ఉన్నప్పుడు?” అన్నారు సార్. ఆయన నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. మా మేడమ్ టేబుల్ వైపు చూస్తున్నారు. లాయర్ మేడమ్ ఇంకొకటి పట్టుకున్నారు. చదువురాని వాళ్లు వేలిముద్ర వేస్తే మన టీమ్‌తో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి, నా ఫారంలో సాక్షికి గీతే లేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. సిగ్గు కంటే ఎక్కువ భయం. ఎందుకంటే అప్పటికే అప్రూవల్ రాకుండా 11 శాంపిళ్లు తీసి పెట్టుకున్నా, “ముందే కొన్ని తీసుకో, తర్వాత టైం ఉండదు” అని ఒక మహానుభావుడు సలహా ఇస్తే. అనుమతికి ముందు తీసినవి స్టడీలో కలపకూడదు. ఆ 11 ప్లేట్లు నా చేత్తోనే ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే మిషన్‌లో) వేశాను.

బతుకమ్మ సెలవులకు ఇంటికి వెళ్లి, మళ్లీ రాసిన కాగితం బాపమ్మకు చదివి వినిపించాను. రెండు లైన్లకే “గిదేందే బిడ్డా, అయ్యగారి మంత్రం లెక్కున్నది” అన్నది. అప్పుడు ఆమెనే అడిగాను, నేనేం చేయబోతున్నానో చెప్తే నువ్వైతే ఎట్లా చెప్తావని. ఆమె చెప్పినదాన్ని కొంచెం సాపు చేసి రాశాను: “మొదట వచ్చే ఒంటేలు కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది ఈ డబ్బాలో పట్టి ఇవ్వండి. మీకు ఇష్టం లేకపోతే ఇవ్వనవసరం లేదు, ఇవ్వకపోయినా మీ వైద్యం ఆగదు.” మేడమ్ ఒంటేలు అనే మాట గలీజుగా ఉందన్నారు. చివరికి ‘మూత్రం (ఒంటేలు)’ దగ్గర రాజీ పడ్డాం.

తర్వాత ఆఫీసు గుమాస్తా దగ్గర ఇంకో నెల. మొదటిసారి ఫుటర్‌లో వెర్షన్ నంబరు లేదన్నాడు, రెండోసారి తేదీ లేదన్నాడు, మూడోసారి గైడ్ సంతకం ప్రతి పేజీకి కావాలన్నాడు. మూడూ ఒకేసారి చెప్తే ఏం పోయేది? ఇలాంటి మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పెన్ను, కాగితం పట్టుకెళ్లి “ఇంకేం కావాలో అన్నీ చెప్పండి సార్, రాసుకుంటా” అని ఆయన ముందే నిలబడండి. నేను నాలుగోసారి నేర్చుకున్నా. రెండో మీటింగులో పండిట్ సార్ ఫారం తీసుకొని ఆయనే చదువుకున్నారు. “బాగుంది, ఎవరు రాశారు?” అన్నారు. మా బాపమ్మ అని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ల్యాబ్ పని ఆనందంగా గడిచింది. సెఫోటాక్సిమ్ డిస్కు ఒక పక్క, క్లావులనిక్ యాసిడ్ కలిపిన డిస్కు ఇంకో పక్క, మర్నాడు స్కేలు పెట్టి కొలిస్తే రెండో దాని జోను (చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) మొదటిదాని కంటే 5 మి.మీ. లేదా ఇంకా ఎక్కువ పెద్దగా ఉంటే ఈఎస్‌బీఎల్ ఉన్నట్టే. ఓపీలో కూడా ఒక్కరు సంతకానికి వెనకాడలేదు, అది గొప్పగానే చెప్పుకుంటాను. ఒక ముసలాయన వేలిముద్ర వేసి, తన కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, “మా మనవడికి చూపిస్తా” అన్నాడు.

ప్లేజియరిజం (వేరేవాళ్ల రాతతో పోలిక) మొదట 23 శాతం వచ్చింది, యూజీసీ 2018 రూల్స్ ప్రకారం 10 దాటకూడదు. మెథడ్స్ చాప్టరు అందరిదీ ఒకటే ఉంటుంది కదా, ప్లేటులో అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) మందం 4 మి.మీ. అని ఎన్ని రకాలుగా రాస్తాం? తిరగరాసి 8కి తెచ్చాను. హన్మకొండ చౌరస్తాలో బైండింగ్ చేయిస్తే అట్ట మీద బంగారు అక్షరాల్లో ‘మైక్రోబయాలజీ’ స్పెల్లింగు తప్పు కొట్టారు, మళ్లీ డబ్బులు. ప్రూఫ్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇది రాస్తుండగానే జూనియర్ మెసేజ్: “అక్కా, మీ కన్సెంట్ ఫారం వర్డ్ ఫైలు పంపరా? టాపిక్ మార్చుకుంటా.” పీడీఎఫ్ పంపాను.