ఇరవై శాతంలో లెక్కకొచ్చే పని

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద 2011లో వచ్చిన నియమావళిలో అయిదో నియమం పరిపాలనా ఖర్చు అంటే ఏమిటో చెబుతుంది. ఆఫీసు అద్దె, కరెంటు, ఫోను, స్టేషనరీ, లెక్కలు రాయించడం, నివేదికలు తయారుచేయించడం, ఆ పనులు చేసేవారి జీతాలు అన్నీ అందులోకి వస్తాయి. అయితే దానికొక మినహాయింపు ఉంది. ప్రధానంగా పరిశోధన లేదా శిక్షణ చేపట్టే సంస్థలో క్షేత్ర సమాచారాన్ని సేకరించేవారి జీతాన్నీ, దాన్ని విశ్లేషించేవారి జీతాన్నీ పరిపాలనా ఖర్చుగా చూపనక్కరలేదు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మేము పనిచేసే గదిలో ఈ మినహాయింపు సరిగ్గా రెండు కుర్చీల మధ్య గీత గీస్తుంది. ట్యాబ్‌లోని సర్వే సమాధానాలను సర్వర్‌కు పంపే అమ్మాయి పరిశోధన కిందికి వస్తుంది. ఆ అమ్మాయి జీపు అద్దెకూ, దినభత్యానికీ, బీమాకూ కాగితాలు తయారుచేసే నేను పరిపాలన కిందికి వస్తాను. 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ విదేశీ విరాళంలో ఈ పరిపాలన వాటా గరిష్ఠ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. అప్పటి నుంచి బడ్జెట్టు వేసే ప్రతిసారీ పెద్దల చూపు ముందుగా నా కుర్చీ మీదే పడుతోంది.

నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా వీధిలోవారికి చెప్పడం ఇప్పటికీ కష్టమే. సవర ఆదివాసీల గ్రామాల్లో చోడి (రాగి), కొర్ర, సామ వాడకం తగ్గి రేషను బియ్యం పెరిగాక తల్లుల పోషణ ఎలా మారిందో తెలుసుకునే అధ్యయనమిది. ప్రశ్నలు రూపొందించేది ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం, బాధ్యత వహించేది భువనేశ్వర్‌లోని ఒక పరిశోధన సంస్థ, పని జరిగేది గుమ్మ, నువాగడ బ్లాకుల కొండల్లో. ఈ మూడింటి మధ్య తిరిగే ఒప్పందాలు, కొటేషన్లు, జీతాల పట్టీలు, ప్రయాణ బిల్లులు, పరిశోధన నైతికంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీకి వెళ్లే ఫైళ్లు మా బల్ల మీదుగా పోతాయి. ఒకప్పుడు పెద్ద సంస్థ విదేశీ నిధిని తీసుకుని అందులో కొంత స్థానిక సంస్థకు ఇచ్చేది, ఊళ్లలో పని ఆ స్థానిక సంస్థే చూసుకునేది. తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరొక సంస్థకు బదలాయించడాన్ని 2020 సవరణ పూర్తిగా నిషేధించింది. దాంతో భువనేశ్వర్ సంస్థే ఇక్కడ గది అద్దెకు తీసుకుని, నావంటివారిని తన జీతాల పట్టీలో చేర్చుకోవలసి వచ్చింది. నాకు ఈ ఉద్యోగం రావడానికీ, అది ఇరవై శాతంలో ఇరుక్కోవడానికీ కారణం ఒకే చట్టమన్నమాట.

సొమ్ము ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. దేశంలో ఏ మూల ఉన్న సంస్థ అయినా విదేశీ విరాళాన్ని మొదట ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే అందుకోవాలి. అక్కడి నుంచి అది భువనేశ్వర్‌కూ, ఆ తరువాత మా దాకానూ వస్తుంది. బడ్జెట్టు పౌండ్లలో, జీతాలు రూపాయల్లో ఉంటాయి కనుక, ప్రతిపాదన రాసిననాటి మారకపు రేటుకూ సొమ్ము పడిననాటి రేటుకూ తేడా వస్తే దాన్ని సర్దవలసింది మేమే. పైగా చాలా ఒప్పందాల్లో ఖర్చు చూపించిన తరువాతే, అదీ మూడు నెలలకోసారి చెల్లింపు ఉంటుంది. విదేశీ నిధి అనగానే ముందే వచ్చి పడే సొమ్మని అందరూ అనుకుంటారు గానీ, ముందు చేతి చమురు వదిలేది ఇక్కడివారికే. ఇక సంవత్సరాల సంగతి వేరే ఉంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే, బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఆగస్టులోనూ, అమెరికా ప్రభుత్వానికి అక్టోబరులోనూ మొదలవుతుంది. అందువల్ల జూలైలో తిరిగిన జీపు బిల్లు ఇంగ్లండు పుస్తకంలో పాత సంవత్సరానికీ, మన పుస్తకంలో నడుస్తున్న సంవత్సరానికీ చెందుతుంది. కేంద్రానికి పంపే ఎఫ్‌సీ-4 వార్షిక నివేదికకు డిసెంబరు 31 గడువు. సరిగ్గా ఆ వారంలోనే విశ్వవిద్యాలయం క్రిస్మస్ సెలవుల్లో ఉంటుంది, ఒక్క మెయిలుకూ జవాబు రాదు. వారు తిరిగి వచ్చేసరికి ఇక్కడ మనకు సంక్రాంతి.

తల ప్రాణం తోకకు వచ్చేది మాత్రం బిల్లుల దగ్గర. గుమ్మ వైపు ఊళ్లలో శిక్షణ పెట్టినప్పుడు అందరికీ మధ్యాహ్న భోజనం పెడతాము. కూరగాయలు, అడ్డాకు విస్తళ్లు, కట్టెలు సంతలో సవర మహిళల వద్ద కొంటాము. వారు బిల్లు ఎక్కడి నుంచి తెస్తారు? దాత సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనేమో అమ్మకందారు పన్ను నంబరు నింపనిదే తరువాతి పేజీ తెరుచుకోదు. చాలా ప్రాజెక్టుల్లో దీనికొక తేలిక మార్గం కనిపెట్టారు. పర్లాకిమిడి బజారులోనో, రెండడుగులు దాటి ఆంధ్రలోని పాతపట్నంలోనో పెద్ద దుకాణంలో సరుకంతా కొని, పక్కా బిల్లు తీసుకుని, జీపులో కొండెక్కిస్తారు. విస్తళ్లకు బదులు ప్లాస్టిక్ పూత వేసిన ప్లేట్లు వస్తాయి, ఖర్చు పెరుగుతుంది, ఆడిటరు మాత్రం తృప్తి పడతాడు. ఆదివాసీ కుటుంబాల పోషణ మీద అధ్యయనం చేస్తూ, కాగితం సుఖం కోసం ఆ కుటుంబాల చేతిలో పడవలసిన నాలుగు డబ్బులను పట్టణానికి మళ్లించడం నా దృష్టిలో అన్యాయం, ఏ ఆడిట్ నివేదికా పట్టుకోని అన్యాయం. ఎన్నో ఉత్తరాలు నడిచిన మీదట, ఒక పరిమితి లోపు సంత కొనుగోళ్లకు మా సొంత ఓచరును అంగీకరించేటట్లు ఒప్పించగలిగాము. ఏ సరుకు, ఏ సంత, ఎంత బరువు, బిల్లు ఎందుకు లేదు అన్న నాలుగు వరుసలు, కొన్నవారి సంతకం, చూసిన మరొకరి సంతకం, సరుకు ఫోటో అందులో ఉంటాయి. మూడు కొటేషన్ల నిబంధన కూడా ఇటువంటిదే. మా రూటులో ఒడిశా నంబరుతో, సరైన పర్మిటుతో, సీటు బెల్టులు పనిచేసే స్థితిలో దొరికే జీపులే ఒకటో రెండో అయితే, మూడో కొటేషన్ ఎవరిని అడిగి తెచ్చేది? దొంగ కొటేషన్ పుట్టించే బదులు, ఎందుకు దొరకలేదో ఒక పేజీ నోటు రాసి సంతకం చేస్తాను.

పేర్ల విషయం ఇంతకన్నా సున్నితమైనది. సర్వేలో పాల్గొన్న తల్లికి ఆ పూట పోయిన కూలికి బదులుగా కొంత సొమ్ము ఇస్తాము. డబ్బు చేతులు మారింది కాబట్టి పేరు, ఊరు, సంతకమో వేలిముద్రో చూపమంటాడు ఆడిటరు. ఎవరు పాల్గొన్నారన్నది బయటపడకూడదంటుంది ఎథిక్స్ కమిటీ. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలలో గోప్యతకు ఇచ్చిన ప్రాధాన్యం చిన్నది కాదు. రెండు మాటలూ న్యాయమైనవే. మా గదిలో పద్ధతి ఇది: చెల్లింపు రిజిస్టరులో పేర్లుంటాయి, సర్వేలో కోడ్ నంబర్లే ఉంటాయి, ఏ పేరుకు ఏ కోడో తెలిపే పట్టీ భువనేశ్వర్‌లో ప్రధాన పరిశోధకుల వద్ద పాస్‌వర్డ్ వెనుక ఉంటుంది. రిజిస్టరు బీరువాలో ఉంటుంది, తాళం చెవి సర్వే బృందంలో ఎవరికీ ఇవ్వము. ఆడిటరు మా ఎదుటే కూర్చుని చూసుకోవచ్చు గానీ ఫోటో తీయకూడదు. ఇంగ్లండు నుంచి నమూనాగా స్కాన్‌లు అడిగినప్పుడు పేర్ల మీద నల్లగీత కొట్టి పంపుతాము. వేలిముద్ర కూడా ఆనవాలే కాబట్టి దాన్నీ కప్పుతాము. ఆపైన ఆ కాగితంలో మిగిలేవి తేదీ, అంకె. ఇదేం సాక్ష్యమని అవతలివారు ఒకసారి అడిగారు. మీ ఎథిక్స్ పత్రంలో మీరు కోరిన సాక్ష్యమే ఇది, అని మర్యాదగా జవాబు రాశాను.

ఈ పనికీ పరిశోధన నాణ్యతకూ సంబంధమేమిటని అనుమానించేవారికి మా అధ్యయనంలోని ఒక్క పద్ధతి చెబితే చాలు. గడిచిన 24 గంటల్లో ఏమేమి తిన్నారో, ఎంతెంత తిన్నారో తల్లిని అడిగి రాసుకోవాలి. తల్లి పోడుకు బయలుదేరకముందే, అంటే తెల్లవారేసరికి సర్వే అమ్మాయి ఆ గుమ్మంలో ఉండాలి. అందుకు జీపు పర్లాకిమిడిలో చీకటితోనే కదలాలి, జీపు కదలడానికి డీజిలు కావాలి, డీజిలుకు ముందటి నెల బిల్లు తీరి ఉండాలి. చెల్లింపు ఆలస్యమైన ఒక నెలలో డ్రైవరు ఫోన్ చేసి, “మేడమ్, బంకులో అప్పు పెరిగిపోనాది, రేపు బండి తియ్యలేనండి” అన్నాడు. అతడి తప్పేమీ లేదు. బృందం బస్సెక్కి ఎండ ముదిరాక ఊరు చేరితే ఇంట్లో అత్తగారు మాత్రమే ఉంటుంది. కోడలు ఏం తిన్నదో ఆమె చెప్పే జవాబుకు విలువ ఎంతో పరిశోధకులకు వేరే చెప్పనక్కరలేదు. జీతం ఆలస్యమైతే జరిగేదీ ఇదే. మా సర్వే బృందంలో చాలామందికి ఇదే తొలి ఉద్యోగం. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌బుక్కులో మరొకటి ఉంటుంది, కొందరికి పాన్ కార్డే ఉండదు. పన్ను కోయవలసిన చెల్లింపు అయితే పాన్ లేనివారికి 20 శాతం కోత పడుతుంది. అందుకే శిక్షణ మొదటి రోజున ప్రశ్నావళికన్నా ముందు వారి కాగితాలు సరిచేయించడానికి కూర్చుంటాను. శిక్షణ ఇచ్చే మాస్టారికి మొదట్లో ఇది సమయం వృథాగా తోచింది, ఇప్పుడు ఆయనే గుర్తుచేస్తున్నారు.

నిధులు మధ్యలో తెగిపోవడం కూడా ఈ రంగంలో ఉన్నదే. బ్రిటన్ తన విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించినప్పుడు, అక్కడి పరిశోధన నిధుల సంస్థ 2021 మార్చిలో 12 కోట్ల పౌండ్ల లోటు ప్రకటించింది, నడుస్తున్న ప్రాజెక్టులకే కోతలు పడ్డాయి. మా అధ్యయనం ఆ తరువాతిది. అయినా ఆ అనుభవం వల్లే ఇప్పుడు గది అద్దె ఒప్పందంలోనూ, జీపు ఒప్పందంలోనూ నెల రోజుల నోటీసు షరతు తప్పకుండా రాయిస్తున్నాము.

ఇప్పుడు రెండో విడత ప్రతిపాదన తయారవుతోంది. సర్వే బృందం చెల్లింపులు చూడడానికి సవర భాష వచ్చిన ఒక సహాయకురాలు కావాలని నేను అడిగాను. ఆ పోస్టును క్షేత్ర సమాచార సేకరణ కింద చూపవచ్చా అని మా చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడిగితే, సమాచారం సేకరించేవారని నియమంలో ఉంది గానీ, వారికి డబ్బు అందజేసేవారని లేదు కదమ్మా అన్నారు. కాబట్టి ఆ జీతం కూడా ఇరవై శాతంలోనే పట్టాలి. మేడ మీది గది ఖాళీ చేసి అందరమూ కింది గదిలోనే సర్దుకుంటే ఆ మేరకు అద్దె మిగులుతుందని లెక్క వేసి, బడ్జెట్టు పట్టీతో పాటు నిన్న భువనేశ్వర్‌కు పంపాను.