కొండ రోడ్డు మీద చలికాలపు సాయంత్రం నడక

కొండల్లో క్యాలెండర్‌లో వేసిన సూర్యాస్తమయం టైమును నమ్ముకోకండి. శిఖరం అడ్డొస్తే ఎండ ముందే పోతుంది, వెంటనే చలి కొరుకుతుంది. చెయ్యి బారుగా చాపి, సూర్యుడికీ కొండ అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు అడ్డంగా పడతాయో చూడండి. వేలుకి సుమారు 15 నిమిషాలు. రెండు వేళ్లే మిగిలితే వెనక్కి తిరగాల్సిందే.

ఎదురొచ్చే బళ్లు కనిపించే వైపే నడవాలి. మీ నీడ మీ ముందు పొడుగ్గా పడుతోందా? అంటే ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలో ఎండ కొడుతోంది, మీరు కనిపించకపోవచ్చు. రోడ్డు దిగి నిలబడండి. నా లెక్కలో అసలు ప్రమాదం ఇదే, చీకటి కన్నా.

రిఫ్లెక్టర్ పట్టీ చీలమండలకి కట్టుకోండి. కదిలే వెలుగు మనిషని దూరం నుంచే చెప్పేస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి టార్చి లోపలి జేబులో ఉండాలి. ఎండ సోకని మలుపుల్లో, వంతెనల మీద తారు తడిగా మెరిస్తే అది నీళ్లు కాకపోవచ్చు, పల్చటి మంచు పొర. అక్కడ అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఆనించి వెయ్యండి.