నైవాషాలో పాముపొడ

కెన్యాలో నైవాషా సరస్సు దగ్గరి ఒక పూలతోటలో సస్యరక్షణ పనికి చేరిన మొదటి వారంలోనే, మదనపల్లె టమాటా చేలలో చిన్నప్పటి నుంచి చూసిన పాముపొడ చామంతి ఆకుల మీద కనిపించింది. ఆకు రెండు పొరల నడుమ పచ్చదనాన్ని తింటూ పురుగు చేసుకుపోయే ఆ తెల్లటి వంకర గీతలు ఇక్కడా అవే. ఆ పురుగు ఒక చిన్న ఈగ పిల్ల. అమెరికా ఖండానికి చెందిన ఈ ఈగ 1976లో ఫ్లోరిడా నుంచి తెచ్చిన చామంతి కొమ్మలతో కెన్యా చేరింది. మన దేశంలో 1990ల ఆరంభంలో బయటపడింది.

టమాటాలో కాయ బాగుంటే ఆకు మీది గీతలను రైతు కొంత ఓర్చుకుంటాడు. పూలలో కాడతో పాటు ఆకు కూడా సరుకే. పైగా ఐరోపా తనిఖీలో బతికున్న పురుగు దొరికితే మొత్తం సరుకు ఆగిపోవచ్చు. ఆ భయంతో నేను వారం వారం మందు కొట్టించాను, గీతలు మాత్రం పెరిగాయి.

ఆకులు పరిశీలించే పనిలో ఏళ్లుగా ఉన్న ఒక పెద్దావిడ, మేమంతా మామా (స్వాహిలీలో అమ్మ) అని గౌరవంగా పిలిచే ఆమె, ఒక ఆకును వెలుతురుకు పట్టి భూతద్దం నా చేతికిచ్చారు. "గీత చివర చూడండి, పురుగు కదలడం లేదు" అన్నారు. డైగ్లిఫస్ అనే కందిరీగ జాతి కీటకం, చీమకన్నా చిన్నది, ఆకు లోపలి పురుగును కుట్టి కదలకుండా చేసి దాని పక్కన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నుంచి వచ్చిన పిల్ల, ఆ పురుగును తిని, ఆకు పొరలు తన మీద కూలకుండా తన మలంతోనే చిన్న స్తంభాలు కట్టుకుని అక్కడే ప్యూపా (పెద్ద కీటకంగా మారే ముందు దశ) అవుతుంది. మందులకు అలవాటు పడిన ఈగ బతికిపోతే, నేను చంపించింది ఈ మేలుచేసే కీటకాన్నే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి గీతలను కాక, వాటిలో బతికున్న పురుగులను లెక్కిస్తున్నాం. పసుపు జిగురు అట్టల మీద ఈగలు కనిపించగానే, మొక్కలు లేతగా ఉన్నప్పుడే డైగ్లిఫస్‌ను వదులుతున్నాం, ఎందుకంటే కోతకు వెళ్లే పై ఆకులు గీత లేకుండా ఎదగాలి. తప్పనిసరైతే అబామెక్టిన్ అనే పురుగుమందును ఉధృతి ఉన్న మడులకే పరిమితం చేస్తున్నాం.

గత నెల నాన్న ఫోన్ చేసి టమాటాకు ఏ మందు కొట్టమంటావని అడిగితే, ముందు నాలుగు మూలల నుంచి ఆకులు కోసి వెలుతురుకు పట్టి, లోపలి పురుగు పసుపుగా కదులుతోందో, నల్లబడి పడి ఉందో చూసి చెప్పమన్నాను.