సినిమా అయిపోయింది, జేసన్ మాత్రం వదల్లేదు

పడుకునే ముందు ఓ గంట కాలక్షేపం అవుతుందని ‘బ్యాట్‌మన్: అండర్ ది రెడ్ హుడ్’ పెట్టాను. 2010 నాటి యానిమేషన్ సినిమా, నిడివి గంటంపావు. బొమ్మల సినిమాయే కదా అనుకున్నవాణ్ణి, మొదటి సీన్‌కే లేచి కూర్చున్నాను. బ్యాట్‌మన్ కుర్ర సహాయకుడైన రాబిన్ వేషంలో ఓ కుర్రాడు నేల మీద పడి ఉంటాడు. బ్యాట్‌మన్ బద్ధశత్రువు జోకర్ ఇనుప కడ్డీతో కొడుతూ, ఇటు నుంచి కొడితే ఎక్కువ నొప్పా, అటు నుంచి కొడితేనా అని తీరిగ్గా అడుగుతుంటాడు. వెళ్తూ వెళ్తూ తలుపుకి తాళం వేస్తాడు. లోపల బాంబు. బ్యాట్‌మన్ వచ్చేసరికి అంతా అయిపోతుంది.

ఆ కుర్రాడు జేసన్ టాడ్, రెండో రాబిన్. ఏళ్ల తర్వాత రెడ్ హుడ్ పేరుతో తిరిగొస్తాడు. (చూడనివాళ్లు ఇక్కడే ఆగి చూసి రండి, ముందుకెళ్తే కథంతా తెలిసిపోతుంది.) తనని కాపాడలేదని అతనికి కోపం లేదు. తనని చంపినవాడు ఇంకా ఎలా బతికున్నాడన్నదే బాధ. ఒక్కసారి చంపడం దాకా, ఆ చోటికి దిగితే మళ్లీ పైకి రాలేనని బ్యాట్‌మన్ ఇచ్చిన జవాబు నాకు సగమే మింగుడుపడింది. మిగతా సగం తెల్లారేదాకా నిద్రపోనివ్వలేదు.

తర్వాత ఏం చూడాలి, ఏం చదవాలి అని వెతికితే చాంతాడంత లిస్టులు దొరికాయి. బ్యాట్‌మన్ పుట్టింది 1939లో. మొదటి నుంచీ వరసగా పట్టుకుంటే నా తరం కాదు. అందుకని ఇదే వరుసలో వచ్చిన డీసీ (బ్యాట్‌మన్ కామిక్స్ వేసే సంస్థ) యానిమేషన్ సినిమాలు ఒక్కోటి చూడటం మొదలుపెట్టాను. మూడు చూశాక విసుగొచ్చింది. దేనికదే వేరే కథ. చీకటి ఉంది, రక్తం ఉంది, విరిగిన ఎముకలూ ఉన్నాయి. అయినా ఏదీ పట్టలేదు. నాకు కావలసింది చీకటి కాదు, జేసన్ అని అప్పటికిగానీ బుర్రకెక్కలేదు.

సరే, అతని వెనకాలే వెళ్దామని సినిమాకి మూలమైన కామిక్ పట్టుకున్నాను. 2005లో మొదలైంది, రచయిత జడ్ వినిక్. ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. సినిమాలో జోకర్‌ని పనిలోకి దింపిన విలన్ రాస్ అల్ గుల్ పశ్చాత్తాపంతో జేసన్ శవాన్ని లాజరస్ గుంటలో ముంచి బతికిస్తాడు. కామిక్స్‌లోనేమో, ఎక్కడో వేరే లోకంలో ఉన్న ఒక సూపర్‌బాయ్ కోపంతో వాస్తవం గోడల్ని గుద్దితే, ఆ అదురుకి ఇక్కడ చచ్చినవాడు లేచి కూర్చుంటాడు! పుస్తకం మూసేశాను. రెండ్రోజుల తర్వాత తెలిసిందేమంటే, సినిమా స్క్రీన్‌ప్లే రాసిందీ ఆ వినికే. తన కథని తనే దిద్దుకున్నాడన్నమాట. అది తెలిశాక రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏం తీసేశాడో, ఏం ఉంచాడో చూడటం మొదలైంది. నిజం చెప్పాలంటే సినిమా కంటే ఎక్కువ మజా అక్కడే దొరికింది.

పేరు సంగతి కూడా అప్పుడే తెలిసింది. రెడ్ హుడ్ జేసన్ సొంత పేరు కాదు. 1951లో వచ్చిన ఓ కథలో ఎర్ర ముసుగు దొంగ రసాయనాల్లో పడి జోకర్‌గా మారతాడు. 1988లో ‘ది కిల్లింగ్ జోక్’ అనే కామిక్ ఆ పాత కథని మళ్లీ తవ్వింది. అంటే జేసన్ తనని చంపినవాడి పాత ముసుగునే తగిలించుకుని వచ్చాడు. సినిమాలో ఈ సంగతి చెబుతారు, నేనే మొదటిసారి పట్టించుకోలేదు.

ఇక అసలు చావు. 1988లో జిమ్ స్టార్లిన్ రాసి, జిమ్ అపారో బొమ్మలేసిన కామిక్ ‘ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ’. కథ మధ్యలో జోకర్ ఇరాన్ తరఫున ఐక్యరాజ్యసమితి రాయబారి అయిపోతాడు, దాన్ని ఓపిగ్గా దాటేయాలి. కానీ సినిమాలో లేనిది ఒకటుంది ఇందులో: జేసన్ కన్నతల్లి. వెతుక్కుంటూ ఇథియోపియా దాకా వెళ్లిన కొడుకుని ఆమే జోకర్‌కి అప్పగిస్తుంది. అవతల కొడుకుని కొడుతుంటే మొహం తిప్పుకుని సిగరెట్ కాలుస్తుంది. చివర్లో బాంబు పేలేటప్పుడు జేసన్ ఆమెకే అడ్డంగా పడతాడు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంతకీ అతన్ని చంపింది జోకర్ ఒక్కడే కాదు, పాఠకులు కూడా. పేలుడుతో సంచిక ఆపేసి, రెండు ఫోన్ నంబర్లు అచ్చేశారు. ఒకటి బతకాలనేవాళ్లకి, ఇంకోటి చావాలనేవాళ్లకి. కాల్‌కి 50 సెంట్లు, గడువు 36 గంటలు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271. తేడా 72. ఒకాయన కంప్యూటర్‌తో ఆటోమేటిగ్గా డయల్ చేయించి చావుకి వందల ఓట్లు వేశాడని విన్నట్టు అప్పటి ఎడిటర్ డెన్నీ ఓనీల్ తర్వాత చెప్పారు. అది నిజమైతే ఒక్కడి మొండితనం చాలిందన్నమాట. ఏ ఫలితం వచ్చినా అచ్చుకి పంపేలా రెండు రకాల పేజీలూ ముందే గీయించి ఉంచారు. జేసన్ బతికే పేజీలతో ఆ సంచికని 2023లో విడిగా వేశారు కూడా.

అప్పుడు మళ్లీ సినిమా చూశాను. చివరి సీన్‌లో చిన్న జేసన్ కొత్తగా రాబిన్ బట్టలు తొడుక్కుని తబ్బిబ్బైపోతుంటాడు. మొదటిసారి అది మామూలు ఫ్లాష్‌బ్యాక్‌లా దాటిపోయింది. ఈసారి 72 గుర్తొచ్చింది.

ఆఖరికి 2020లో ఇదే పేరుతో వచ్చిన యానిమేషన్ సినిమా ‘డెత్ ఇన్ ది ఫ్యామిలీ’ దొరికింది. బ్లూరే డిస్క్‌లో మనమే రిమోట్‌తో కథ నడపాలి. పేలుడు దగ్గర బొమ్మ ఆగి, తెర మీద దారులు కనిపిస్తాయి: రాబిన్ చావాలా, తప్పించుకోవాలా, బ్యాట్‌మన్ వచ్చి కాపాడాలా. 1988లో నాకు ఓటు లేకపోయింది, ఇప్పుడు వచ్చింది. తడుముకోకుండా కాపాడమని నొక్కాను.

జేసన్ బతికాడు. పేలుడులో బ్యాట్‌మన్ పోయాడు. జోకర్‌ని చంపొద్దని మాట తీసుకుని మరీ పోయాడు, జేసన్ ఆ మాట నిలుపుకోలేదు. కాసేపు రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుని, వెనక్కి వెళ్లి ఇంకోటి నొక్కాను.