మీకర్ దారిలో రెండు తుపాకులు

శనివారం పొద్దున ఐ-70 మీద ఐడహో స్ప్రింగ్స్ దగ్గర పరిస్థితి ఎలా ఉంటుందో డెన్వర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ లేన్‌కు డబ్బు కట్టి మరీ నిలబడిపోయాం. పక్క సీట్లో మా బావమరిది ఇంటి దగ్గర ఎత్తుకున్న తుపాకుల పురాణం ఐసెన్‌హవర్ సొరంగం దాటినా దించలేదు.

అక్టోబరు చివర్లో వచ్చే రెండో రైఫిల్ సీజన్‌కు వాడు ఎల్క్ (పెద్ద కొమ్ముల దుప్పి) ట్యాగ్, అంటే ఒకదాన్ని వేటాడే అనుమతి, కొన్నాడు. అంతకుముందే ఒకసారి మీకర్ వెళ్లి, అడవిలో చోటు చూసుకుని, తుపాకుల గురి సరిచేసుకు రావాలని ఈ ప్రయాణం. నాకు వేట రాదు. కానీ మగ ఎల్క్ మూడు వందల కిలోల దాకా తూగుతుంది. ముక్కలు చేసినా కొండ దింపడానికి మనుషులు కావాలి. అందుకే నన్ను లెక్కలో వేసుకున్నాడు.

"త్రీ హండ్రెడ్ మాగ్నమ్ తుపాకీ అసలుది బావా. థర్టీ ఆట్ సిక్స్ తుపాకీ బ్యాకప్."

"ఒక్క జంతువుకు రెండెందుకురా?"

"రాళ్ల మీద పడితే? గురి చూసే స్కోపు కదిలితే? కొండ మీద నుంచి మళ్లీ నాలుగు గంటలు నడుపుకుంటూ డెన్వర్ వస్తామా?"

న్యాయమే. సీజన్ ఉండేదే కొద్ది రోజులు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. రైఫిల్ అనే ఊళ్లో ఫ్రీవే దిగి ఉత్తరానికి 13వ నంబరు రోడ్డెక్కాం. ఊరి పేరు చూసి వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మీకర్ చిన్న ఊరు. పక్కనున్న వైట్ రివర్ అడవుల్లో తిరిగేది కొలరాడోలోకెల్లా పెద్ద ఎల్క్ మంద. 1901లో, అమెరికా అధ్యక్షుడు కాకముందు, థియొడోర్ రూజ్‌వెల్ట్ కొండసింహాల వేటకు వచ్చి దిగింది ఈ ఊళ్లోనే. ఆయన వచ్చి వెళ్లినప్పటి నుంచీ అద్దెలు పెంచుతూనే ఉన్నారు కాబోలు. చల్లారిన కాఫీ, గోడకు ఒక ఎల్క్ తల, స్నానాలగదిలో సరిగా మూసుకోని కిటికీ ఉన్న గదికి మేము కట్టిన డబ్బుతో విజయవాడలో మంచి హోటల్లో రెండు రాత్రులు ఉండవచ్చు. మా వాడు రెండు తుపాకీ పెట్టెలు చెరో చేత్తో పట్టుకుని కౌంటర్ ముందు నుంచే నడిచాడు. అక్కడున్న అమ్మాయి తలెత్తి కూడా చూడలేదు.

నాకు మా ఊరి మోతుబరి గుర్తుకొచ్చాడు. పంటల మీద పడే పందుల కోసమని లైసెన్సు తెచ్చుకున్న జంట గొట్టాల తుపాకీ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని గుడ్డలో చుట్టి, జీపులో పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఫలితాలు వచ్చాక మళ్లీ ఆ రసీదు పట్టుకుని తిరిగేవాడు. ఇక్కడా చట్టాలున్నాయి, అయితే తీరు వేరు. మా వాడు హెచ్-1బీ మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు తీసుకుంటే తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు వచ్చింది, ఆ వెనకే ఈ పెట్టెలూ వచ్చాయి.

షూటింగ్ రేంజి ఊరి బయట మట్టిదారిలో ఉంది. మా పక్క బల్ల దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన వించెస్టర్ మోడల్ 70 చెక్క మడమ మీద గీతలు, గొట్టం అడుగున చేయి పట్టే చోట నల్లరంగు అరిగి బయటపడిన తెల్లటి ఉక్కు. మా వాడి మాగ్నమ్ కొత్తది, తేలికైనది. ఇరవై తూటాల పెట్టె అరవై అయిదు డాలర్లు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ మూడు డాలర్ల పైచిలుకు పొగైపోతోందని నేను లెక్క వేస్తూ కూర్చున్నాను. వంద గజాల దగ్గర కొట్టిన మూడు గుళ్లూ ఆరంగుళాల మేర చెదిరాయి.

"స్కోపు వదులైంది," అన్నాడు మా వాడు.

"స్కోపు కాదు," అన్నాడు పెద్దాయన, అడగకుండానే. "ఈసారి నేను నింపి ఇస్తాను. నువ్వు కాల్చు."

అటు తిరిగి నింపి ఇచ్చాడు. మా వాడు గురి చూసి నొక్కాడు. టిక్కుమంది, పేలలేదు. లోపల పెట్టింది ఉత్తుత్తి తూటా. కానీ గొట్టం మూతి మాత్రం గబుక్కున కిందికి వంగింది, మా వాడి కళ్లు గట్టిగా మూసుకున్నాయి. రాబోయే తన్నుకు భుజం ముందే జడుసుకుంటోంది. మా వాడి పాత థర్టీ ఆట్ సిక్స్‌తోనూ పెద్దాయన అదే పని చేయించాడు. టిక్కుమన్నప్పుడు గొట్టం కదల్లేదు. ఆ తర్వాత కాల్చిన మూడూ అంగుళంన్నర లోపు పడ్డాయి.

"మరి బ్యాకప్ ఏది?" అని అడిగాడు పెద్దాయన. మా వాడు మాట్లాడలేదు.

ఆయనే చెప్పుకుపోయాడు. థర్టీ ఆట్ సిక్స్ అనే తూటా రకం 1906 నాటిది, మాగ్నమ్ రకం 1963లో వచ్చింది. 180 గ్రెయిన్ల (బులెట్టు బరువు కొలత) బులెట్టు మొదటిదాంట్లో సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తుంది, రెండోదాంట్లో 2,960 దాకా. ఆ తేడా అక్కరకొచ్చేది నాలుగు వందల గజాల అవతల. "అంత దూరం నువ్వు కాల్చకూడదు," అని మొహం మీదే అన్నాడు. రెండు వందల గజాలకు గురి కట్టుకుంటే మూడు వందల దగ్గర తొమ్మిదంగుళాల వరకు దిగుతుంది. ఎల్క్ ఛాతీ లోతు రెండడుగులకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి ఆ దిగుడు పెద్ద లెక్క కాదు. కొలరాడో చట్టం ఎల్క్‌కు .24 క్యాలిబర్ (గొట్టం లోపలి అడ్డుకొలత అంగుళంలో పావు వంతు లోపే), 85 గ్రెయిన్ల బులెట్టు ఉన్నా చాలంటుంది.

నాకు నచ్చిన మాట మరొకటి. మాగ్నమ్ సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, బోల్టు వెనక ఉంది, మూడు మెట్లు జరుగుతుంది. పాతదాని సేఫ్టీ పక్కన ఉంది, రెండే మెట్లు. తెల్లవారుజామున చలికి మొద్దుబారిన బొటనవేలు ఏది ఎక్కడుందో వెతుక్కుంటే ఈలోగా ఎల్క్ చెట్లలో దూరిపోతుంది. బ్యాకప్ అంటే అసలుదానికి అన్నదమ్ములా ఉండాలట: అదే సేఫ్టీ, అదే తూటా. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో వేసుకోవడమంత తెలివితక్కువ పని లేదని కూడా అన్నాడు. నాలుగు గంటల ప్రయాణంలో మా వాడు చెప్పినదంతా కలిపినా ఇంత తెలియలేదు నాకు.

మర్నాడు అడవిలో తిరిగాం. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, కాళ్లు పట్టేశాయి.

తిరుగు దారిలో మీకర్ పొలిమేర దాటే దాకా మా వాడికి నోరు పెగల్లేదు. "పద్దెనిమిది వందలు పెట్టి కొన్నది బ్యాకప్పా?" అన్నాడు చివరికి. కాసేపాగి, "దీన్ని అమ్మేసి ఇంకో థర్టీ ఆట్ సిక్స్ కొంటే? పాతదాని లాంటిదే."

కొన్న ధర రాదని చెప్పాను. విన్నట్టు లేడు. రైఫిల్ దాకా ఫోనులో పాత తుపాకుల ధరలు చదివి వినిపిస్తూనే ఉన్నాడు. ఆ రోడ్డు మీద సిగ్నల్ అందని చోట్లు చాలానే ఉన్నాయి, అదొక్కటే నాకు ఊరట.