గౌతమి పాయలో వేడెక్కిన ఇంజిన్

సెప్టెంబరులో గోదావరి ఎర్రగా, ఒండ్రుతో బరువుగా ఉంటుంది. ధవళేశ్వరం గేట్లు ఎత్తినప్పుడల్లా పైనుంచి గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా దిగుతుంది. ఆ నీళ్లలోనే యానాం నుంచి భైరవపాలెం వైపు ఉదయం ఏడింటికి బయల్దేరాం. ఎదుర్లంక వంతెన దాటితే పాయ విశాలమవుతుంది, ఆపైన మడ చెట్లు మొదలవుతాయి. పడవకి 30 హెచ్.పి. డీజిల్ ఇంజిన్. లోపల కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని లాక్కునే ద్రవం, తిరుగుతుంది. పడవ అడుగున ఉన్న రంధ్రం గుండా పంపు నది నీళ్లు లాగి, ఆ కూలెంట్‌ని చల్లబరిచి, పొగగొట్టం గుండా బయటికి ఉమ్మేస్తుంది.

అన్నిటికన్నా ముందు మారింది చప్పుడు. గొట్టం నుంచి వచ్చే తడి చప్పుడు పోయి, బోలు డప్పు మోగినట్టయింది. "నీళ్లు ఉమ్మట్లేదండి" అన్నాడు సరంగు. ఇంజిన్ వేడిని చూపే ముల్లు అప్పటికింకా మామూలుగా నిలిచే 82 డిగ్రీల దగ్గరే ఉంది. రెండు నిమిషాల్లో 90 దాటింది, గొట్టం దగ్గర తెల్లటి ఆవిరి మొదలైంది. ముల్లు కూలెంట్ వేడిని చెబుతుంది, నది నీళ్లు ఆగిన సంగతి చెప్పదు. అందుకే పడవ నడిపేవాళ్ల కన్ను ముల్లు మీదకన్నా పొగగొట్టం మీద ఉండాలి.

వేడెక్కిన ఇంజిన్‌ని న్యూట్రల్‌లో కాసేపు తిప్పి ఆపాలంటారు. అది నీళ్లు వస్తున్నప్పటి మాట. చుక్క కూడా రాకపోతే వెంటనే ఆపాలి. లేదంటే పంపులో తిరుగుతూ నీళ్లు నెట్టే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, పొడిగా రాసుకుని నిమిషంలోనే చిరుగుతుంది, పొగగొట్టం రబ్బరు హోసు కాలిపోతుంది. ఇంజిన్ ఆపేశాం. ఆటు మమ్మల్ని ఇసుక మేట మీదికి లాగుతోంది కాబట్టి ముందు లంగరు వేశాం, తర్వాతే ఇంజిన్ మూత తీశాం. కూలెంట్ మూత జోలికి వెళ్లలేదు: ఒత్తిడి వదిలితే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ఇంజిన్ మీద నది నీళ్లు కూడా పోయకూడదు, బాగా కాగిన హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, పగలవచ్చు.

అడుగు రంధ్రం మీది వాల్వు మూసి, నది నీళ్లని వడగట్టే జాలీ విప్పితే గుర్రపుడెక్క వేళ్లు, బురద బయటపడ్డాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు, జాలీ కడిగేసి పని అయిపోయిందనుకుంటారు. మాది మూడో వంతు కూడా నిండలేదు, అంతమాత్రానికి నీళ్లు పూర్తిగా ఆగవు. జాలీ నీటిమట్టానికి జానెడు కిందనే ఉంది కాబట్టి, మూత లేకుండా వాల్వు తెరిస్తే నీళ్లు ఉబికి రావాలి. వేలి మందాన మెల్లగా ఊరాయి. అంటే అడ్డం బయటే, పడవ అడుగు రంధ్రం దగ్గరే ఉంది.

ఆ బురద నీళ్లలో, ఆ వడిలో పడవ కింద మునగడం ప్రాణాలతో చెలగాటం. వాల్వు కట్టి, దాని నుంచి హోసు ఊడదీసి, కాలితో తొక్కే గాలి పంపు గొట్టాన్ని అక్కడ బిగించి, వాల్వు తెరిచి తొక్కాం. అంత తక్కువ లోతుకి కొద్ది ఒత్తిడి చాలు. పది తొక్కుళ్లకి పడవ పక్కన బుడగలు లేచాయి, వాటి వెంట వేళ్లు చుట్టుకున్న ప్లాస్టిక్ గోనె ముక్క తేలింది. గాలి పంపు లేనివాళ్లు, వాల్వు తిన్నగా తెరుచుకునే రకమైతే, సన్నటి వెదురు పుల్లతో నెట్టవచ్చు. ఇంజిన్ ఆపగానే లాగుడు పోయి అడ్డం తనంతట తానే జారిపోవడమూ ఉంటుంది. అప్పుడు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, వేగం పెంచగానే మళ్లీ అతుక్కుంటుంది. ఆగి ఉన్నప్పుడు బాగుండి, పరుగులో వేడెక్కే ఇంజిన్‌లో ముందు దీన్నే అనుమానించాలి.

అడ్డం పోయింది, రోగం మాత్రం సగమే కుదిరింది. ఇంజిన్ వేసి గొట్టం కింద 10 లీటర్ల బకెట్ పట్టాం. ఐడ్లింగ్‌లో మామూలుగా 40 సెకన్లలో నిండేది, నిమిషం దాటింది. పంపు మూత విప్పితే ఇంపెల్లర్‌కి ఆరు రెక్కల్లో రెండు తెగి ఉన్నాయి. తెగిన ముక్కలు లెక్కకి దొరికి తీరాలి. ఒకటి పంపులోనే ఉంది, రెండోది నది నీళ్లతో కూలెంట్‌ని చల్లబరిచే కూలర్ గొట్టాల నోట్లో ఇరుక్కుంది. దాన్ని వదిలేస్తే నెల తర్వాత ఇదే వేడి మళ్లీ వచ్చేది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. కొత్త ఇంపెల్లర్‌కి గ్రీజు కాకుండా సబ్బు నీళ్లు రాసి, పంపు తిరిగే దిక్కుకే తిప్పుతూ లోపలికి నెట్టాం. గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. జాలీ మూత రింగు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాం. అది వంకరైతే పంపు నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది.

గంట చల్లారాక, గుడ్డ వేసి కూలెంట్ మూత తిప్పితే అర లీటరు తగ్గింది, పోశాం. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నల్లగా, శుభ్రంగా ఉంది. పాలరంగు తిరిగి ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయని, బహుశా హెడ్ కింది గ్యాస్కెట్ పోయిందని అర్థం, ఆ ఇంజిన్ ఇక వేయకూడదు. ఈసారి బకెట్ 41 సెకన్లలో నిండింది.

భైరవపాలెం మానుకుని, వేగం తగ్గించి, గుర్రపుడెక్క గుంపులకి దూరంగా వెనక్కి వచ్చాం. ముల్లు 82 దాటలేదు. వంతెన దగ్గర ఆపి జాలీ విప్పితే అప్పటికే మళ్లీ పావు వంతు నిండి ఉంది.