ఎంసీజీ పక్కన మా క్లాసు

మెల్‌బోర్న్‌లో నర్సింగ్ చదువుతున్నాను. మా కోర్సులో ఇక్కడి ఆదివాసుల చరిత్ర, సంస్కృతి మీద ఒక సబ్జెక్టు ఉంది. పాసైపోతే చాలనుకునే రకం. ఆదివాసుల్ని జనాభా లెక్కల్లో చేర్చుకున్న 1967 రెఫరెండం, వాళ్ళ భూమి హక్కుని ఒప్పుకున్న 1992 మాబో తీర్పు, వాళ్ళ పిల్లల్ని కుటుంబాల నుంచి విడదీసినందుకు 2008లో ప్రధాని కెవిన్ రడ్ చెప్పిన క్షమాపణ, అన్నీ బట్టీ పట్టేశాం.

తర్వాత వురుంజెరి అనే ఇక్కడి ఆదివాసీ తెగ పెద్దావిడతో యారా పార్కులో క్లాసు పెట్టారు. అందరూ ఆంటీ అనే పిలిచారు, మనకది కొత్తేం కాదుగా. ముందు నిప్పుల మీద పచ్చి యూకలిప్టస్ రెమ్మలు వేసి, ఆ పొగలోంచి మమ్మల్ని నడిపించారు. ఆ నేల మీదికి ఆహ్వానించే పద్ధతి అది.

ఎంసీజీ స్టేడియం పక్కనే ఒక పాత మాను. దానిమీద నిలువునా పొడవాటి మచ్చ, అంచుల్లో బెరడు లావుగా మడతపడి ఉంది. పడవలకీ గిన్నెలకీ అలా బెరడు తీసేవాళ్ళట. చుట్టూతా ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది కాబట్టి ఒక పక్కే ఒలిచేవాళ్ళు. మ్యాచ్‌లకి వెళ్ళే జనంలో ఎంతమంది అటు చూస్తారో!

ఆవిడ ఎక్కువసేపు చెప్పింది కొరండర్క్ గురించి. 1863లో హీల్స్‌విల్ దగ్గర మొదలైన ఆదివాసుల స్థావరం అది. అక్కడ బీరులో వాడే హాప్స్ పంట బాగా తీశారు. ఆ భూమి పోకుండా వురుంజెరి పెద్ద విలియం బరాక్, ఆయన మనుషులు మెల్‌బోర్న్ దాకా నడిచొచ్చి మంత్రులకి మొరపెట్టుకున్నారు. 1886 చట్టం మాత్రం మిశ్రమ సంతతి వాళ్ళలో 35 ఏళ్ళలోపు వాళ్ళని బయటికి పంపేసింది. పనిచేసే వయసు వాళ్ళు పోతే ఇక సాగు చేసేదెవరు? 1924లో స్థావరాన్ని మూసేశారు. స్లైడ్లలో ఇదంతా ఒక్క లైను.

ఆదివాసుల్లో ముసలివాళ్ళు ఆసుపత్రికి ఎందుకు రారని ఎవరో అడిగారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మా లెక్చరర్ అందుకోబోతే చెయ్యెత్తి ఆపింది. కాన్పు అయిన ఆసుపత్రిలోనే తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాగేసుకున్నారు, ఆ తల్లులు కొందరు ఇంకా బతికే ఉన్నారు, అంది. అంతే.

అసైన్‌మెంటులో నేను రాసింది ఎక్కువగా ఆ మాట గురించే. ఇప్పుడు వార్డులో అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు, మీరు ఆదివాసులా అన్న ప్రశ్న అందర్నీ అడగాలి. ఔనంటే, మీకూ ఆసుపత్రికీ మధ్య సాయంగా ఉండే లయజాన్ ఆఫీసరు మీవాళ్ళలోంచే ఉన్నారు, పిలవమంటారా అని అడిగి ఆగుతాను. కొంతమంది వెంటనే చెప్పరు. ఫారం పక్కన పెట్టి కూర్చుంటాను.